పండవెట్టుడు

కల్వకుర్తి దాటినంక ఒక చౌటచెల్కల
నాలుగొందల అడుగులకాడ కంప్రెషరు కాలింది.
బండి సల్లవడేదాక పని లేదు.
మురుగేశన్ టార్పాలిన్ పరిచి
గళ్ళంగి జేబులకెల్లి పత్తాల కట్ట తీసిండు.
"రమ్మీ వద్దు తంబీ. ఇది వేరే ఆట. పోకరు."

నేను, ఆయన, డ్రైవరు సోమ్లా.
పైసలు లేవు. ఉన్నా పెట్టనీయడు, ఠాణా భయం.
ఆసామి పర్వతాలును అడిగితే
ఇంట్లకెల్లి గిద్దెడు కందులు తెచ్చిచ్చిండు.
తలా నూరు లెక్కవెట్టుకున్నం.

"చేతిల రెండే. ఎవ్వరికి చూపెట్టొద్దు,
పెండ్లామడిగినా చెప్పొద్దు.
నడుమ ఐదు, అవి అందరియి.
ముందుగాల మూడు తెరుస్తం. ఆగుతం. పందెం.
ఇంకోటి. ఆగుతం. పందెం.
ఆఖర్ది."
ఆయన వేళ్ళ గ్రీసు ప్రతి పత్తా మీద పడ్డది.
సగం రాత్రికల్లా
ఇస్పేటు రాణిని ఈపు చూసి గుర్తువట్టొచ్చు.

జత కన్న రెండు జతలు పెద్దయి,
వాటికన్న మూడొక్కతీరుయి,
ఆ మీద వరుస, వరుస మీద ఒక్క రంగు ఐదు.
పంచాయితీల పెద్దమనుషుల లెక్క
ఒకరి మీద ఒకరు.
వేళ్ళ మీద లెక్కవెట్టి, మర్చిపోయి, మల్ల అడిగిన.
తిట్టలేదు.
డ్రిల్లు బిట్టు గురించి అడిగితే మాత్రం తిడతడు.

మొదటి ఆటలనే నాకు రెండు ఆసులు.
నా మొఖం ఏమైందో ఏమో
ఇద్దరు సప్పుడు చెయ్యక పత్తాలు బోర్లేసిన్రు.
గెలిచింది మూడు గింజలు.
"ఆసులు ఆడలే, నీ మొఖం ఆడింది" అన్నడు.

ఇగ అసలుది నేర్పిండు, పండవెట్టుడు.
"పదిసార్లల్ల ఏడుసార్లు పండవెట్టాలె.
కుప్పల వేసినయి నీయి కావు. పోయినయి.
పోయినవాటి కోసం మల్ల వెయ్యకు."
తమిళంల ఇంకేదో అన్నడు,
దానికి ఆయనకు తెలుగు దొరకలేదు.

నాకు దొరికింది.
మా నాయిన ఏడు బోర్లు.
మొదటిది రెండొందలకు ఉత్త దుబ్బ.
రెండోదాంట్ల బిందెడు తడి,
గా బిందెడే మమ్ముల ముంచింది.
తడి సూసినోడు ఆటలకెల్లి లేస్తడా?
మూడోది అమ్మ గుండ్లపేరు.
నాలుగు, ఐదు, మిత్తి.
ఆరోది కొబ్బరికాయ నిలబడ్డకాడ,
ఏడోది అది పడ్డకాడ.
పెట్టినయి పోతయని పెట్టుకుంట పోయిండు.
నేనిప్పుడు ఊరూరి చెల్కలల్ల పైపులు ఎత్తుత.

కంప్రెషరు సల్లవడ్డది.
పర్వతాలు వచ్చి గింజల కుప్పల దిక్కు సూసి
"ఎవరు గెలుస్తున్నరు?" అన్నడు.
చెప్పలే.
నాలుగొందల ఇరవై. దుబ్బ.
నాలుగొందల నలభై. దుబ్బనే, కొంచెం నల్లగ.
మురుగేశన్ లివరు మీద చెయ్యి ఆపి
ఆయన మొఖం దిక్కు సూస్తుండు.
అడుగుకు ఇంత అని మాకు పైసలు,
లోతు పోయినకొద్ది మా గిన్నె నిండుతది.
"ఇంకొక్కటి" అన్నడు పర్వతాలు.
పైపు ఎత్తిన.
నోట్లె ఒక మాట మెదిలింది, బయటికి రాలే.

"ఆపుండ్రి."
బాలమణి, పర్వతాలు భార్య,
రొట్టెల గంప నెత్తి మీదికెల్లి దించుకుంట.
పత్తా పట్టి ఎరుగదు, మా ఆట సూడలే.
"పోయినకాడికి పోయింది.
పొక్కకు మూతవెట్టి పొండ్రి.
ఆముదాలు ఏసుకుంట."

పర్వతాలు ఆమెను సూసిండు, పొక్కను సూసిండు.
ఆయన కండ్లల్ల ఇంకొక్క పైపు అట్లనే ఉంది.
మురుగేశన్ బండి బందువెట్టిండు.
అప్పుడు ఇనొచ్చింది కీచురాళ్ళ సప్పుడు,
రాత్రంత ఉన్నట్టుంది.

తెల్లారంగ టార్పాలిన్ మడుస్తుంటె
గిద్దె పట్టుకొచ్చి కందులు కొలుచుకున్నది బాలమణి.
అంచుకు రాలే.
తక్కువవడ్డయి నా జేబుల ఉన్నయి,
గెలిచినయి.
నేర్చుకున్నదంత పెట్టి
మొఖం కదలనియ్యలే.

ఒక్క రెప్పకాలం నా దిక్కు సూసి
చెయ్యి చాపింది.